గ్రైండర్, సాండర్, పాలిష్ మిషన్లు – పనిచేసే వారికీ ఇంటివారికీ ఆరోగ్య జాగ్రత్తలు



పెళ్ళిళ్ళ కాలం వచ్చినా, క్రిస్మస్ దగ్గర పడినా మన ఊళ్ళలో ఒక చప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. ఎక్కడో తలుపులకు పాలిష్ పడుతూ ఉంటుంది, ఎక్కడో వంటింటి గట్టుకు గ్రానైట్ కోస్తూ ఉంటారు, ఎక్కడో గోడల పుట్టీని నునుపు చేస్తూ ఉంటారు. ఒకప్పుడు చిత్రికతో, ఉప్పు కాగితంతో రెండు రోజులు చేసే పనిని ఇప్పుడు చేతి మిషన్ రెండు గంటల్లో చేసేస్తుంది. మిషన్ వల్ల శ్రమ తగ్గిందనేది నిజమే. కానీ ఆ మిషన్ లేపే దుమ్ము చేతి పనిలో లేచే దుమ్ముకంటే ఎంతో ఎక్కువ, ఎంతో సన్నం. పైగా అది పనివాని ముఖానికి ఒక మూరెడు దూరంలోనే లేస్తుంది.

ఈ మిషన్ల వల్ల వేలు తెగితే, కంట్లో నలుసు పడితే ఆ రోజే ఆసుపత్రికి వస్తాం. ఊపిరితిత్తులకు జరిగే హాని మాత్రం పదేళ్ళ తర్వాత బయటపడుతుంది. అప్పటికి దానిని పూర్తిగా బాగుచేసే మందు లేదు. అందుకే ఈ వ్యాసంలో గాయాల గురించీ, కరెంటు గురించీ చెబుతూనే దుమ్ము గురించి కొంచెం ఎక్కువగా చెబుతున్నాము. మీ ఇంట్లో ఈ పని చేసేవారు ఉంటే దయచేసి వారికి చదివి వినిపించండి.

ఈ పని మన దగ్గర ఎవరు చేస్తున్నారు?

మహబూబాబాద్ జిల్లాలో గ్రానైట్ క్వారీలున్నాయి. పక్కనే ఉన్న ఖమ్మంలో రాయిని పలకలుగా కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ పెద్ద మిషన్లు నీళ్ళు పోస్తూ కోస్తాయి. ఆ పలక మన ఇంటికి వచ్చాక సింకు కోసం రంధ్రం చేయడం, అంచు గుండ్రంగా నూరడం, మెట్లకు గాట్లు పెట్టడం వంటి పనులన్నీ చేతి గ్రైండర్‌తో, చాలాసార్లు నీళ్ళు లేకుండా పొడిగానే జరుగుతాయి. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పనికి పేరుపొందిన ఊరు. లోహం మెరుగు పెట్టే పని ఎక్కడ జరిగినా అక్కడా దుమ్ము ఉంటుంది. వడ్రంగులు, పెయింటర్లు, వెల్డింగ్ షాపుల వారు, బండలు వేసే మేస్త్రీలు, హైదరాబాదుకు కూలికి వెళ్ళే తండాల యువకులు అందరూ ఏదో ఒక రకం చేతి మిషన్ పట్టేవారే.

రాతి దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుంది?

గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంటుంది. అది స్ఫటిక రూపంలో ఉండే సిలికా. మామూలు గ్రానైట్‌లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఇదే ఉంటుంది. నల్ల రాళ్ళలో తక్కువ, ఇసుకరాతిలో చాలా ఎక్కువ. సిమెంటు కాంక్రీటులో, టైల్స్‌లో కూడా సిలికా ఉంది.

మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మన కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. చీదితే, ఉమ్మితే బయటికి వస్తుంది. అసలు ప్రమాదం 4, 5 మైక్రాన్ల కంటే సన్నని దుమ్ముతో. అది విడిగా కంటికి కనిపించదు. పని ఆపిన తర్వాత కూడా చాలాసేపు గాలిలోనే తేలుతూ ఉంటుంది. ఊపిరితోపాటు ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తులదాకా పోతుంది. అక్కడ మన శరీర రక్షక కణాలు ఆ రేణువును మింగుతాయి గానీ, రాతిని అరిగించుకోలేక అవే చచ్చిపోతాయి. అలా చచ్చిన చోటల్లా వాపు వచ్చి, మచ్చ కట్టి, గట్టిపడుతుంది. మెత్తని స్పాంజి లాంటి ఊపిరితిత్తి క్రమంగా బిరుసెక్కుతుంది. దీనినే సిలికోసిస్ అంటారు.

దుమ్ము కొద్దికొద్దిగా పీల్చిన వారిలో ఇది సాధారణంగా 10 ఏళ్ళు దాటాక కనిపిస్తుంది. దుమ్ము ఎక్కువగా ఉన్నచోట 5 నుంచి 10 ఏళ్ళలోనే రావచ్చు. మూసిన గదిలో పొడిగా కోస్తూ విపరీతంగా పీల్చిన వారికి అంతకంటే ముందే రావచ్చు. మొదట్లో ఏ బాధా ఉండదు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు, ఛాతీ బరువు, నీరసం మొదలవుతాయి. పని మానేసినా జబ్బు ముదరవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా సిలికా దుమ్ము కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో ప్రకటించింది.

ఇది పెద్ద గనుల వారికి మాత్రమే వచ్చే జబ్బు కాదు. మధ్యప్రదేశ్ గిరిజన గ్రామాల నుంచి గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతానికి కూలికి వెళ్ళి, క్వార్ట్జ్ రాయి పిండి పట్టే ఫ్యాక్టరీలలో పనిచేసి సిలికోసిస్‌తో చనిపోయిన 238 మంది కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని సుప్రీంకోర్టు 2016లో గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆస్ట్రేలియాలో వంటింటి గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకలను చేతి మిషన్లతో కోసే యువకులకు ఈ జబ్బు రావడంతో, ఆ దేశం 2024 జూలై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది. ఆ రకం పలకల్లో 90 శాతం పైగా సిలికా ఉండవచ్చు. ఇప్పుడు మన పట్టణాల్లోనూ అవి అమ్ముతున్నారు. రాయి కొనేముందు అది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

టీబీయా? దుమ్ము జబ్బా?

దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం – ఈ లక్షణాలు టీబీలోనూ ఉంటాయి, సిలికోసిస్‌లోనూ ఉంటాయి. ఎక్స్‌రేలో కూడా రెండూ దగ్గరగా కనిపించవచ్చు. అందుచేత సిలికోసిస్ ఉన్నవారు టీబీ అనుకొని నెలల తరబడి టీబీ మందులు వాడటం జరుగుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు టీబీ వచ్చే అవకాశం మామూలు వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండవచ్చు.

ఇటలీకి చెందిన రామజ్జినీ అనే వైద్యుడు 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బులపై ఒక గ్రంథం రాశాడు. రోగిని చూసే వైద్యుడు అడగవలసిన ప్రశ్నల్లో "నీ పని ఏమిటి?" అన్నదానిని కూడా చేర్చాలని ఆయన చెప్పాడు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న అవసరం తీరలేదు. ఓ.పి.లో రద్దీ వల్ల డాక్టరుగారు అడగకపోతే మీరే చెప్పండి. "నేను గ్రానైట్ కోసే పని ఎనిమిదేళ్ళు చేశాను", "మా ఆయన పాలిష్ పనికి వెళ్తాడు" అని ఒక్క మాట చెబితే చాలు, పరీక్షలు సరైన దారిలో సాగుతాయి. పని మానేసి పదేళ్ళయినా చెప్పండి. పాత ఎక్స్‌రేలు పారేయకుండా దాచి, వచ్చేటప్పుడు తీసుకురండి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షలు, మందులు ఉచితం. చికిత్స పొందేవారికి పోషకాహారం కోసం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలకు పెంచారు. రాతి పని చేసేవారు బీడీ, సిగరెట్టు మానడం చాలా ముఖ్యం. దుమ్ముకు పొగ తోడైతే నష్టం మరింత పెరుగుతుంది.

కట్టె పొట్టు, పాత రంగు

చెక్కను సాండర్‌తో నునుపు చేసినప్పుడు లేచే పొట్టు వల్ల కొందరికి తుమ్ములు, ఉబ్బసం, చర్మంపై దురద వస్తాయి. ఏళ్ళ తరబడి పీల్చినవారిలో ముక్కు లోపలి క్యాన్సర్‌కు కూడా కట్టె పొట్టు కారణమవుతుందని 1995లో తేలింది. చెక్క ప్రకృతి సిద్ధమైనదే కదా, దాని పొట్టు ఏం చేస్తుందిలే అనుకోకూడదు.

పాత తలుపులు, కిటికీల చువ్వలు, చర్చి బల్లల మీద పాత ఎనామిల్ పెయింట్ ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. దానిని పొడిగా గీకితే సీసం కలిసిన దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. నేలమీద పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, గర్భిణులకూ హానికరం. కాబట్టి పాత రంగును మిషన్‌తో పొడిగా గీకించకండి. నీళ్ళతో తడిపి, నీటికి ఆగే రకం కాగితంతో చేత్తో రుద్దించండి. ఆ సమయంలో పిల్లలనూ గర్భిణులనూ వేరే ఇంట్లో ఉంచండి.

దుమ్మును పుట్టినచోటే ఆపాలి

చాలామంది ముక్కుకు తువ్వాలు కట్టుకొని పనిచేస్తారు. తువ్వాలు పెద్ద దుమ్మును ఆపుతుందే గానీ, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని దుమ్మును ఆపలేదు. ముందు దుమ్ము లేవకుండా చూడాలి. ఆ తర్వాతే మాస్కు. ఈ వరుస గుర్తుంచుకోండి.

1. రాయి, టైల్స్, కాంక్రీటు పనిలో డిస్కు రాతిని తాకేచోట నీళ్ళు సన్నగా పడుతూ ఉండాలి. ముందుగా ఒక చెంబు నీళ్ళు చల్లి కోస్తే చాలదు. రాయి నిమిషంలో ఆరిపోతుంది.
2. చెక్క, పుట్టీ పనిలో నీళ్ళు పనికిరావు. దుమ్ము సంచి ఉన్న సాండర్ వాడాలి. వాక్యూమ్ గొట్టం తగిలించేది అయితే ఇంకా మంచిది. సంచి సగం నిండగానే ఖాళీ చేయాలి.
3. వీలైనంతవరకు ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి పనిచేయాలి. కోతలన్నీ బయటే పూర్తిచేసి పలకను ఇంట్లోకి తేవాలి.
4. ఇవన్నీ చేస్తూనే ఎన్95 మాస్కు, లేదా ఐ.ఎస్. 9473 గుర్తుతో ఉన్న ఎఫ్.ఎఫ్.పి.2 మాస్కు పెట్టుకోవాలి. రెండు పట్టీలూ తలకు వేసుకొని, ముక్కు మీది తీగను నొక్కాలి. పక్కల నుంచి గాలి పోతుంటే మాస్కు పెట్టుకున్నా లేనట్టే. గడ్డం పెరిగి ఉంటే మాస్కు ముఖానికి అతకదు.
5. పని అయ్యాక పొడి చీపురుతో ఊడవకండి. తడి గుడ్డతో తుడవండి, లేదా నీళ్ళతో కడగండి. గాలి మిషన్‌తో ఒంటి మీది దుమ్ము ఊదుకోవడం మానండి.

పని బట్టలతో ఇంట్లోకి వచ్చి పిల్లలను ఎత్తుకోవద్దు. బయటే బట్టలు మార్చుకొని, చేతులు, ముఖం కడుక్కొని లోపలికి రావాలి. ఆ బట్టలు ఉతికే తల్లి, భార్య వాటిని దులపకుండా ముందు నీళ్ళలో నానబెట్టాలి. దులిపితే ఆ దుమ్మంతా ఆమె ఊపిరిలోకి పోతుంది.

నీళ్ళు ఉన్నచోట కరెంటుతో జాగ్రత్త

నీళ్ళు పోస్తే దుమ్ము తగ్గుతుంది. కానీ మామూలు గ్రైండర్‌లోకి నీళ్ళు పోతే షాకు కొడుతుంది. ఒక ప్రమాదం తప్పించుకోబోయి ఇంకొక ప్రమాదంలో పడకూడదు. తడి పనికి ప్రత్యేకంగా నీటి గొట్టంతో వచ్చే మిషన్లే వాడాలి. ఫ్యాక్టరీల్లో అయితే కరెంటు లేకుండా గాలి ఒత్తిడితో నడిచే మిషన్లు మేలు.

ఇంట్లో పని చేయించేటప్పుడు 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. ఉన్న లైన్ నుంచే కరెంటు తీసుకోవాలి. షాకు తగిలిన క్షణంలోనే అది కరెంటు ఆపేస్తుంది. వారానికి ఒకసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ప్లగ్గు లేకుండా వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్లో దోపడం మన దగ్గర మామూలైపోయింది. దీనిని ఇంటి యజమాని ఒప్పుకోకూడదు. అతుకుల వైరు నీటిలో పడి ఉంటే పని ఆపించండి. తడి చేతులతో, చెప్పులు లేకుండా మిషన్ పట్టుకోకూడదు.

డిస్కు పగిలితే

నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క కడితే డిస్కు అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో డిస్కు పగిలితే ముక్క ముఖంలోకో మెడలోకో దూసుకుపోతుంది.

• డిస్కు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మిషన్ వేగానికి సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి. పాలిష్ ప్యాడ్లు తక్కువ వేగానికి చేసినవి. వాటిని 11,000 చుట్ల గ్రైండర్‌కు బిగించకూడదు.
• మధ్య ఇనుప వలయం మీద గడువు తేదీ ఉంటే చూడండి. గడువు దాటినది, కింద పడినది, తడిసినది, పగులు ఉన్నది వాడవద్దు.
• పెద్ద డిస్కు పట్టడం కోసం గార్డు తీసేయవద్దు. కోసే డిస్కు పక్క భాగంతో నూరవద్దు. చెక్క కోసే పళ్ళ బ్లేడును గ్రైండర్‌కు ఎన్నడూ బిగించవద్దు.
• డిస్కు మార్చేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. కొత్త డిస్కు బిగించాక మిషన్‌ను ఒంటికి దూరంగా పట్టుకొని ఒక నిమిషం ఊరికే తిప్పి చూడాలి.
• మిషన్‌ను రెండు చేతులతో పట్టుకోవాలి. పూర్తిగా ఆగాకే కింద పెట్టాలి.

లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, దారాలు, గొలుసులు తిరిగే భాగానికి చుట్టుకుంటాయి. వదులు గుడ్డ గ్లవుజులు కూడా అంతే. కళ్ళకు పక్కలు మూసి ఉండే అద్దాలు పెట్టుకోవాలి. చలువ కళ్ళద్దాలు సరిపోవు. గ్రైండర్ చప్పుడు చెవులకు చేటు. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజూ 8 గంటలు ఉంటే వినికిడి క్రమంగా పోతుంది, మళ్ళీ రాదు. చెవి ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతాయి. వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అది మిషన్ అదురు వల్ల కావచ్చు. మధ్యమధ్య విరామం తీసుకోండి.

గ్రైండర్ నిప్పురవ్వలు పడేచోట థిన్నరు, స్పిరిట్, కట్టె పొట్టు ఉంచకూడదు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట విప్పి ఆరవేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

ప్రమాదం జరిగితే

కంట్లో నలుసు పడితే: నలపవద్దు. శుభ్రమైన నీళ్ళతో కడగండి. పోకపోతే వెంటనే కంటి డాక్టరు దగ్గరకు రండి. పక్కవారితో పిన్నీసుతో, గుడ్డ కొనతో తీయించుకోవద్దు. ఆముదం, చనుబాలు, ఆకు పసరు వేయవద్దు. వాటివల్ల కంటి నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు. ఏదైనా గుచ్చుకొని ఉంటే కడగవద్దు, లాగవద్దు. కంటిపై ఒత్తిడి పడకుండా ఏదైనా కప్పు లాంటిది అడ్డుపెట్టి తీసుకురండి.

తెగితే: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చేతిని పైకి ఎత్తి ఉంచండి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టవద్దు. వేలు తెగిపడితే దానిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని మంచు ముక్కల మీద ఉంచి వెంటనే తీసుకురండి. వేలు నేరుగా మంచుకు తగలకూడదు. గాయం చిన్నదైనా టి.టి. సూది సంగతి అడగండి.

షాకు తగిలితే: ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యన రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా అదుముతూ ఉండండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

పని ఇచ్చేవారికి ఒక మాట

చాలామంది పనివాళ్ళు జాగ్రత్తలు తెలియక కాదు, టైము లేక, ఖర్చు భరించలేక వదిలేస్తారు. తడిగా కోస్తే పని కొంచెం ఆలస్యమవుతుంది, బురద అవుతుంది. "ఈ పూటకే అయిపోవాలి" అని మనం తొందరపెడితే మేస్త్రీ పొడిగానే కోస్తాడు. ఇల్లు కట్టించే వారు ఒక నీళ్ళ పైపు, ఒక మంచి కరెంటు లైను, నాలుగు మాస్కులు ఏర్పాటు చేస్తే అవుతున్న మొత్తం ఖర్చులో అది ఎంత? చర్చిలో బల్లలకు పాలిష్ పెట్టించే సంఘ పెద్దలు కూడా ఈ సంగతి చూడాలి. సెలవుల్లో ఊరికే ఉన్నారని పిల్లల చేతికి ఈ మిషన్లు ఇవ్వకండి.

సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. ఎక్కడ, ఎన్నేళ్ళు పనిచేశారో తెలిపే హాజరు కార్డు, కూలి చీటీ, ఈ.ఎస్.ఐ. కార్డు ఏది ఉన్నా భద్రపరచుకోండి. నష్టపరిహారం అడగవలసి వస్తే అవే ఆధారం. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు కార్మిక శాఖ కార్యాలయంలో నిర్మాణ కార్మికులుగా పేరు నమోదు చేయించుకోవచ్చు.

గుర్తుంచుకోండి

• రాయిని తడిగా కోయాలి. చెక్కకు దుమ్ము సంచి ఉన్న మిషన్ వాడాలి.
• తువ్వాలు మాస్కు కాదు.
• గార్డు తీసిన గ్రైండర్‌తో పని చేయవద్దు, చేయించవద్దు.
• తడి పనికి తగిన మిషన్, ఆర్.సి.సి.బి. ఉన్న లైను తప్పనిసరి.
• పని బట్టలు దులపకుండా నానబెట్టాలి.
• దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుగారికి మీ పని ఏమిటో, ఎన్నేళ్ళు చేశారో చెప్పండి.